తొమ్మిదివందల పదునేడు బంతులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగము)



గ్రంథాలయపు బల్లపై దినపత్రిక తెరువగనే ఆటలపుట వెదకువారు పలువురు. పరుగులు తీసినవాని బొమ్మ అందు పెద్దది. బంతి వేసినవాని శ్రమ పట్టికలో ఒక చిన్న వరుస. 1932లో భారతజట్టు ఆడిన మొట్టమొదటి టెస్టుకు నాయకుడైన సి. కె. నాయుడుగారిని ఎరుగనివారరుదు. వారి తమ్ముడు కొఠారి సుబ్బన్న నాయుడుగారి నెరిగినవారే అరుదు.

నాగపురమున స్థిరపడిన ఆ తెలుగు కుటుంబములో సుబ్బన్నగారు 1914 ఏప్రిల్ 18న జన్మించిరి. ఆనాడు ఆటగానికి నేటివలె వేలముపాటలు లేవు; సంస్థానాధీశుల ఆదరమే పెద్ద ఆధారము. బరోడా జట్టు 1942-43లో రంజీ ట్రోఫీ గెలిచిన యేడు సుబ్బన్నగారు 40 వికెట్లు తీసిరి. ఒక్క యేటి రంజీపోటీలలో అన్ని తీసిన ప్రథములు వారే.

వారిది మణికట్టు విద్య. లెగ్‌బ్రేకు నేలను తాకి కుడిచేతివాటపు ఆటగానికి దూరముగా పోవును. గూగ్లీ అదే తీరున కనబడుచు వచ్చి లోనికి తిరుగును. ఈ ప్రాంతపు మిరపచేలలో ఒక కాయ త్రుంచుట శ్రమ గాదు, పొద్దువాలుదాక త్రుంచుచునే యుండుట శ్రమ. ఇదియు నట్టిదే.

1945 మార్చిలో బొంబాయి బ్రాబోర్న్ మైదానమున హోల్కారు జట్టుకు, బొంబాయికి రంజీ తుదిపోటీ జరిగెను. హోల్కారు నాయకులు అన్నగారే. అప్పటికి వారి వయస్సు నలుబదితొమ్మిది! బొంబాయి మొదట 462 పరుగులు, మరల 764 పరుగులు చేసెను. సుబ్బన్నగారు మొదట 64.5 ఓవర్లు వేసి ఆరుగురిని, పిదప 88 ఓవర్లు వేసి ఐదుగురిని పడగొట్టిరి. మొత్తము 917 బంతులు, ఇచ్చిన పరుగులు 428. యుద్ధకాలపు సైనికోద్యోగమున ఇండియాలో నుండిన ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కారు పక్షమున 249 పరుగులు చేసి అజేయుడై నిలిచినను, జట్టు 374 పరుగుల తేడాతో ఓడెను.

టెస్టులు వారికి అచ్చిరాలేదు. పదునొకండు టెస్టులలో దక్కినవి రెండే వికెట్లు. అంత మాత్రమున వారిని తేలికచేయుట న్యాయము కాదు. మొత్తము ప్రథమశ్రేణి ఆటలలో వారి వికెట్లు 647.

ఆంధ్రరాష్ట్ర మేర్పడిన 1953-54లో ఆంధ్రజట్టు తొలిసారి రంజీ బరిలో దిగినపుడు సారథ్యము వహించినవారు అన్నగారు. తమ్ముడును ఆంధ్రజట్టు పక్షమున ఆడిరి. సుబ్బన్నగారు 2002 నవంబరు 22న ఇండోరులో కాలధర్మము నొందిరి. ఒక్క ప్రథమశ్రేణి పోటీలో అన్ని బంతులు వేసినవారు నేటివరకు మరియొకరు లేరు.