ఎం.ఏ.నా? ఎల్‌ఎల్‌.బి.నా?

డిగ్రీలో ఎకనామిక్స్ చదివాక ఎం.ఏ.కి వెళ్లాలా, లాయర్ కావాలా? ఎం.ఏ. రెండేళ్లు, లా మూడేళ్లు. లాసెట్ రాసి సీటు తెచ్చుకోవడం ఒక ఎత్తు, నల్లకోటు వేసుకుని సీనియర్ దగ్గర ఫైళ్లు మోసే ఏళ్లు మరో ఎత్తు. జడ్జి పరీక్ష రాద్దామన్నా, 2025 మే నాటి సుప్రీంకోర్టు తీర్పుతో మూడేళ్ల ప్రాక్టీసు తప్పదు.

ఎకనామిక్స్‌లో అసలు చిక్కు లెక్కలతోనే. కాల్‌క్యులస్ అంటే బెదిరేవాళ్లకు మొదటి సెమిస్టరే చుక్కలు చూపిస్తుంది. నిలదొక్కుకుంటే యూపీఎస్సీ వారి ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ పరీక్ష రాయొచ్చు; దానికి పీజీ ఉండాల్సిందే.

అంబేద్కర్ రెండూ చదివారు: రూపాయి సమస్యపై 1923లో లండన్‌లో డి.ఎస్సీ., గ్రేస్ ఇన్‌లో బారిస్టరీ. అందరికీ అంత ఓపిక ఉండదు లెండి. ఒక పూట జిల్లా కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుని చూడండి. మరో పూట ఎం.ఏ. పాత ప్రశ్నపత్రం ముందేసుకోండి.