ముందు బాడీ, తర్వాతే ఇంజిన్



ప్లాస్టిక్ కారు కిట్ పెట్టె తెరిస్తే ముక్కలతో పాటు సూచనల కాగితం ఒకటి ఉంటుంది. ఇంజిన్ ఉన్న కిట్లలో మొదటి అంకె సాధారణంగా దానిదే, బాడీ వంతు చివర్లో వస్తుంది. కొత్తవాళ్లు బుద్ధిగా అదే వరసలో వెళతారు. ఇవాళ నేను చెప్పేదల్లా ఒక్కటే. ఆ వరస తిరగేయండి, ముందు బాడీ పట్టుకోండి. ఎందుకంటారా?

యుద్ధ ట్యాంకు మోడల్ చేసేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. అతుకు సరిగ్గా కుదరకపోతే అక్కడ కాస్త బురద రంగు పులిమేస్తారు. అసలు ట్యాంకే బురదలో తిరిగేది కాబట్టి ఎవరూ అడగరు. కారుకు అది చెల్లదు. కారు మెరవాలి. మెరిసే చోట గీతా దాగదు, దుమ్మూ దాగదు, వేలిముద్రా దాగదు. ఈ పనిలో మన కష్టమంతా ఆ పైపూతలోనే ఉంది.

మిగతా కష్టం చాలావరకు కిట్ తయారుచేసినవాళ్లే పడి ఉంటారు. జపాన్‌లోని షిజువోకాలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన తమియా సంస్థ 1960లో ప్లాస్టిక్ మోడళ్లలోకి వచ్చింది. 1976 నాటి పోర్షె 934 మోడల్ కోసం వాళ్లు అసలు పోర్షె 911 కారునే కొని, విప్పి, లోపలి అమరిక చూసుకున్నారు. అమెరికాలో ఏఎంటీ సంస్థ కార్ల డీలర్లకు చిన్న నమూనా కార్లు చేసిచ్చి ఎదిగింది. 1958లో ఒకే పెట్టెలో మూడు రకాలకు సరిపడా ముక్కలు పెట్టి అమ్మింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుగానో, సొంత సోకులతోనో, రేసు కారులాగానో ఎలా కావాలంటే అలా కట్టుకోవచ్చు. కొలతలు వాళ్లు చూసుకున్నారు, పూత మాత్రం మనకు వదిలారు.

ఇక కిట్ ఎంపిక. జపాన్ కార్ల కిట్లు ఎక్కువగా 1/24 కొలతలో, అమెరికన్ కిట్లు ఎక్కువగా 1/25లో వస్తాయి. నాలుగున్నర మీటర్ల కారు 1/24లో దాదాపు 19 సెంటీమీటర్లు ఉంటుంది. చేతికి అందే సైజు, బల్ల మీద చోటూ పెద్దగా తినదు. జిగురుకీ రంగుకీ జంకేవాళ్లు అవోషిమా సంస్థ వాళ్ల 1/32 స్నాప్ కిట్‌తో మొదలుపెట్టవచ్చు. ముక్కలు రంగు ప్లాస్టిక్‌లోనే వస్తాయి, నొక్కితే బిగుసుకుంటాయి. వాటిలో సుజుకి జిమ్నీ కూడా ఉంది. మన రోడ్ల మీద కనిపించే ఐదు తలుపులది కాదు, జపాన్‌లో అమ్మే మూడు తలుపులది.

పనిముట్లు ఎక్కువేం అక్కర్లేదు. నిప్పర్, పదునైన చిన్న కత్తి, పట్టకారు, మాస్కింగ్ టేపు, మూడు నాలుగు రకాల వాటర్ పేపర్, ప్లాస్టిక్ మోడళ్ల జిగురు చాలు. ముక్కను అది అతుక్కుని ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి ఒక్క దెబ్బతో తెంపొద్దు. ముందు కొంచెం దూరంగా కత్తిరించి, తర్వాత మిగిలిన మొటిమను తీసేయండి. ఈ జిగురు కాగితాన్ని అంటించినట్టు అంటించదు, రెండు ముక్కల ప్లాస్టిక్‌నూ కరిగించి ఒకటి చేస్తుంది. అందుకే క్రోమ్ పూత ఉన్న ముక్కను అతికేముందు అతుకు చోట పూత గీకేయాలి, లేదంటే పట్టదు. అద్దాలకు తెల్ల ఫెవికాల్ రకం జిగురు మేలు. ఫెవిక్విక్ లాంటివి వాడితే వాటి ఆవిరికి అద్దం మసకబారుతుంది.

ఇప్పుడు బాడీ. వెలుతురులో తిప్పి చూస్తే ఫెండర్ల మీద, పైకప్పు స్తంభాల మీద సన్నని గీతలు కనిపిస్తాయి. అచ్చు భాగాలు కలిసిన గుర్తులవి. అసలు కారు మీద ఉండవు. 600 నంబరు వాటర్ పేపర్‌తో వాటిని పోగొట్టి, సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి. తర్వాత ప్రైమర్, రంగు, పైన క్లియర్ పూత, చివర్లో రబ్బింగ్ కాంపౌండ్. విజయవాడ ఆటోనగర్‌లో కారుకు రంగు వేయడం చూసినవాళ్లకు ఈ క్రమం కొత్త కాదు. తేడా అల్లా మందంలోనే. ఈ చిన్న బాడీ మీద రంగు పదోవంతు మిల్లీమీటరు పేరుకుందంటే, అసలు కారు మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల పూత పూసినట్టే. తలుపుల సందులు పూడిపోతాయి. అందుకే పలచగా, పొర మీద పొర వేయాలి.

మన వాతావరణం గురించీ ఒక మాట. గాలిలో తేమ ఎక్కువున్న రోజున లక్కర్ రంగు కొడితే పైన తెల్లగా పొగ పట్టినట్టవుతుంది. వానాకాలంలో, సముద్రపు ఊళ్లలో ఉన్నవాళ్లు పొడి రోజు చూసుకుని కొట్టండి. గాలి ఆడే చోట మాస్క్ పెట్టుకుని కొట్టండి, దరిదాపుల్లో మంట ఉండకూడదు. మొదటి కారుకు నలుపు వద్దు, ప్రతి లోపాన్నీ చూపిస్తుంది. ఎర్ర ప్లాస్టిక్ బాడీ మీద తెలుపూ వద్దు, అడుగు నుంచి ఎరుపు ఊరి గులాబీ రంగు తేలుతుంది.

వరస తిరగేయమన్నది ఇందుకే. రంగు పైపైన ముట్టుకోవడానికి ఆరడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. రెండోదానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆరిందో లేదో మీ ముక్కు చెబుతుంది, బాడీకి రంగు వాసన వస్తున్నంతకాలం పాలిష్ పట్టొద్దు. ఆ వ్యవధిలో ఇంజిన్, సీట్లు, డాష్‌బోర్డు, చక్రాలు తీరిగ్గా చేసుకోండి. కాగితం వరసలో వెళ్లినవాళ్లకు చివర్లో బాడీ ఒక్కటే మిగులుతుంది. కారు చూసేయాలన్న ఆత్రంలో తడి రంగు మీదే వేలు పడుతుంది. ముందే రంగు వేసి పెట్టుకున్నవాళ్లకు ఎదురుచూపు కూడా పనిలో కలిసిపోతుంది.

పక్క బల్ల మీద రంగు వేయని బాడీలు కొన్ని ఉంచాం. ఒక్కొక్కరూ ఒకటి తీసుకుని, కిటికీ దగ్గర తిప్పి చూసి, అచ్చు గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. వాటర్ పేపర్, నీళ్ల గిన్నె సిద్ధంగా ఉన్నాయి. ప్రశ్నలుంటే పని చేస్తూనే అడగండి.