కొయ్యాల్సింది బొమ్మనా, చూపునా?

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వింటున్న అందరికీ తెరమీద బొమ్మను కత్తిరించడం, సాగదీయడం గురించి ఇవాళ నాలుగు మాటలు చెబుతాను. ఇంట్లో పాత సినిమాలు చూసేవాళ్లకీ, ఇంజనీరింగ్ చదువుతూ ప్రోగ్రాములు రాసే పిల్లలకీ పనికొస్తాయి.

1957 నాటి ‘మాయాబజార్’నే తీసుకోండి. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిగారు తెనాలివారు. బలరాముడి వేషం వేసిన గుమ్మడిగారిది కొల్లూరు దగ్గరి రావికంపాడు. అప్పట్లో సినిమా బొమ్మ ఎత్తు 1 అనుకుంటే వెడల్పు 1.37. ఇప్పటి టీవీల వెడల్పు 1.78. ఆ బొమ్మతో ఈ తెర నింపాలని పట్టుబడితే ఏదో ఒక నష్టం తప్పదు. అడ్డంగా సాగదీస్తే నాయిక సావిత్రిగారి ముఖం 30 శాతం వెడల్పవుతుంది. పైనా కిందా కోస్తే బొమ్మలో దాదాపు పావువంతు పోతుంది. పౌరాణికంలో పైన పోయేది కిరీటమే! ఆ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే తలపైన వదిలిన జాగాను దండగ అనుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక బుర్రిపాలెం హీరో కృష్ణగారి సంగతి. 1974లో వచ్చిన ఆయన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. స్కోప్‌లో కెమెరా లెన్సు దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ముకెక్కిస్తుంది. హాల్లో ప్రొజెక్టర్ లెన్సు దాన్ని మళ్లీ రెండింతలు చేస్తుంది. రెండు లెక్కలూ కలిశాయి కాబట్టే మనిషి మనిషిలా కనిపించాడు. ఆ వెడల్పు బొమ్మను టీవీకి సరిపడా పక్కల కోస్తే మళ్లీ పావువంతు నష్టం. పైనా కిందా నల్లపట్టీలు వస్తే రానివ్వండి.

కంప్యూటర్లో కూడా ఇదే గొడవ. లినక్స్‌లో అన్ని విండోలనూ కలిపి తెరమీద పేర్చే ప్రోగ్రామును కంపోజిటర్ అంటారు. దానితో మాట్లాడే పద్ధతి వేలాండ్. 2008లో మొదలైంది. వీడియో ప్లేయర్ తన బొమ్మను బఫర్ అనే మెమరీ జాగాలో పెట్టి కంపోజిటర్‌కు అందిస్తుంది. వ్యూపోర్టర్ అనే అనుబంధంతో దానికి రెండు సంగతులు చెప్పొచ్చు: బఫర్‌లో ఏ ముక్క చూపాలి, దాన్ని ఎంత కొలతకు చూపాలి. ముందు కోత, తర్వాత సాగతీత. బఫర్‌లోని అసలు బొమ్మకు చిన్న గీత కూడా పడదు. నాకు బాగా నచ్చింది అదే.

కొంతమంది పిల్లలు ప్రతి ఫ్రేమునూ ప్రాసెసర్‌తో కోసి, పెంచి, కొత్త బఫర్‌లోకి కాపీ చేస్తారు. 1920 బై 1080 ఫ్రేము ఒక్కటే సుమారు 8 మెగాబైట్లు. సెకనుకు 60 అంటే దాదాపు 500 మెగాబైట్లు ఊరికే అటూ ఇటూ మోయడమే. ఆ పని కంపోజిటర్‌కు వదిలేస్తే గ్రాఫిక్స్ చిప్పు చూసుకుంటుంది. చాలా చిప్పుల్లో డిస్‌ప్లే భాగమే చేసేస్తుంది, బ్యాటరీ మిగులుతుంది.

అయితే వెడల్పు, ఎత్తుల నిష్పత్తి వ్యూపోర్టర్ చూడదు, మీరు చెప్పిన కొలతకు సాగదీసి ఊరుకుంటుంది. 1920 బై 1080 తెరమీద 640 బై 480 వీడియోకు 1440 బై 1080 ఇవ్వండి, పక్కన చెరో 240 నల్లగా ఉంచండి. ఆ నలుపు కోసం పెద్ద బఫర్ అక్కర్లేదు. ఒకే ఒక్క నల్ల పిక్సెల్ బఫర్‌ను ఇదే వ్యూపోర్టర్‌తో తెరంతా పరవొచ్చు. ఇంకోటి: పిక్సెళ్లు దట్టంగా ఉన్న తెర కోసం బఫర్ స్కేల్ 2 పెట్టినప్పుడు కోత కొలతలు పిక్సెళ్లలో సగం అవుతాయి. అది మరిచి కోత బఫర్ హద్దు దాటిందా, కంపోజిటర్ మీ ప్రోగ్రాము కనెక్షన్నే తెంచేస్తుంది. కోత కొలతకు భిన్నాలు వాడి, చూపే సైజు చెప్పకపోయినా అంతే. ఏది మార్చినా కమిట్ చేసేదాకా తెరమీదికి రాదని కూడా గుర్తుంచుకోండి.

ఇళ్లలో వినేవాళ్లకు ఒక మనవి. టీవీ సెట్టింగుల్లో బొమ్మ సైజు ‘ఒరిజినల్’లో పెట్టుకోండి. పాత పెళ్లి కేసెట్లు డిజిటల్ చేయించేటప్పుడు, తెర నిండేలా కోయొద్దు, సాగదీయొద్దు, 4:3లోనే ఇవ్వమని స్టూడియో అబ్బాయికి ముందే చెప్పండి. కోసి సేవ్ చేసిన ఫైలులో అంచున నిలబడ్డ మేనత్త ఇక దొరకదు. అసలు కేసెట్ కూడా పారేయకండి.