మూగజీవి మెదడులోని వ్యాధి



బోనులోని వన్యమృగం తన తలనొప్పిని చెప్పుకోలేదు. పైగా బలహీనతను దాచుకొనుట దాని స్వభావం. మూర్ఛ వచ్చినా, నడక తూలినా కారణం మెదడులో కణితి కావచ్చు, అంటువ్యాధి కావచ్చు, వాపు కావచ్చు. పైకి లక్షణాలు ఒకటే. ఎం.ఆర్.ఐ. తీయుటకు మత్తు ఇవ్వవలెను. ఆ మత్తులోనూ ప్రాణాపాయం ఉన్నది.

బెర్లిన్ జంతుప్రదర్శనశాలలో 2006 డిసెంబరులో పుట్టిన క్నూట్ అనే ధ్రువపు ఎలుగుబంటిని తల్లి విడిచిపెట్టగా సంరక్షకులు సీసాపాలతో పెంచారు. 2011 మార్చి 19న అది సందర్శకుల కళ్లెదుటే మూర్ఛవచ్చి, నీటిలో పడి మరణించినది. శవపరీక్షలో మెదడువాపు బయటపడినది గాని, కారకమైన క్రిమి దొరకలేదు.

మనుషుల నరాల వైద్యుడు హెరాల్డ్ ప్రూస్, వన్యప్రాణి శాస్త్రజ్ఞుడు అలెక్స్ గ్రీన్‌వుడ్ ప్రభృతులు భద్రపరచిన నమూనాలను తిరిగి పరీక్షించారు. శరీర రక్షణవ్యవస్థే మెదడుపై దాడి చేసినదని 2015లో ప్రకటించారు. అంతవరకు ఆ వ్యాధి మనుషులలోనే తెలిసినది. సకాలంలో గుర్తించినచో వారిలో పెక్కుమందికి నయమగును.

క్నూట్‌కు ఆ జ్ఞానం అందలేదు. అయినా దాచిన నమూనా తరువాతి మృగాలకు దారి చూపినది. జవాబు దొరకని ప్రశ్నను కొట్టివేయక అట్టిపెట్టుకొనవలెనన్నది పిల్లలకు నేర్పదగిన పాఠం.