యాప్ డిజైన్ మొదలయ్యేది చిత్తు కాగితం మీదే!

లేపాక్షి నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ టాపిక్ వైర్‌ఫ్రేమ్. అంటే యాప్ స్క్రీన్‌కి గీసే చిత్తు బొమ్మ. రంగులుండవు. ఫోటో రావాల్సిన చోట ఇంటూ కొట్టిన డబ్బా, రాత రావాల్సిన చోట రెండు గీతలు, అంతే.

ఎందుకు ఇంత చిత్తుగా? మా వీరభద్ర గుడి ఆవరణలో కల్యాణ మండపం ఉంది, 16వ శతాబ్దం నాటిది. స్తంభాలు లేచాయి, పైకప్పు పడలేదు. నిలబెట్టిన రాతి స్తంభాన్ని జరపడం మాటలు కాదు. కోడ్ రాసేశాక మార్పులూ అంతే. కాగితం మీద గీతైతే రబ్బరుతో పోతుంది.

ఒక ఉదాహరణ చూడండి. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో, వడగండ్లు పడి బీమా ఉన్న పంట పోతే 72 గంటల్లోపు తెలపాలి. అలాంటి యాప్‌కి స్క్రీన్లు రెండు వరసల్లో గీశా. ఒకదాంట్లో ముందు సర్వే నంబర్, ఇంకోదాంట్లో ముందు ఫోటో. శనక్కాయ వేసే ఒక పెద్దాయనకి ఇచ్చి, "ఇప్పుడు ఏది నొక్కుతావు పెద్దాయనా?" అని అడిగి ఊరుకున్నా.

ఆయన అన్నాడు: "సర్వే నంబరు పాస్‌బుక్కులో ఉంటాది, అది ఇంట్లో ఉంటాది. చేన్లో నా దగ్గరుండేది ఫోనొక్కటే. ముందు ఫోటో తీయనీ నాయనా." పెన్ను తీసుకుని కింద ఇంకో డబ్బా గీశాడు: "ఈడ ఆపి, మిగతాది ఇంటికి పోయినాక రాసుకునేట్టు పెట్టు."

అదీ విషయం! మెరిసే స్క్రీన్ చూపిస్తే "బాగుంది" అని వెళ్ళిపోతారు. చిత్తు బొమ్మ చూపిస్తే పెన్ను అందుకుంటారు.

టూల్స్ కావాలా? బాల్సమిక్ 2008లో వచ్చింది. అందులో బొమ్మలు కావాలనే చేత్తో గీసినట్టు ఉంటాయి. ఎక్స్‌కాలిడ్రా అయితే ఫ్రీ, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఏది వాడినా రంగు వేయకండి. కానీ బటన్ మీద మాట మాత్రం అసలుదే రాయండి. 'సబ్మిట్' అనాలా, 'పంపు' అనాలా అనేది అక్కడే తేలుతుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఎండలో అక్షరాలు కనబడతాయా, వేలికి బటన్ అందుతుందా అనేవి చిత్తు బొమ్మ చెప్పదు. అవి తర్వాత ఫోన్‌లోనే చూడాలి.

ఈ రోజు మీరు రోజూ వాడే యాప్‌లో ఒక్క స్క్రీన్ గీసి, ఇంట్లో అమ్మకో నాన్నకో ఇవ్వండి. పెన్ను కూడా ఇవ్వండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!