ఏటికెదురీదే చేప



గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే మా రాజమండ్రి వైపు ఎవరి నోట విన్నా పులస మాటే. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఇలస అంటారు. గుడ్లు పెట్టడానికి వరదకి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. ఆ సామెత కట్టినవాడు మగవాడే అయివుంటాడని నా అనుమానం!

పోయిన ఏడు నేను చేప కడుగుతూంటే మా మనవరాలు పక్కన చేరి, "అమ్మమ్మా, దీనికి ఇంజను లేదుగా, అంత వరదలో ఎదురెలా వచ్చింది?" అని అడిగింది. నేను మెకానికల్ ఇంజనీరింగు చదివి, ముప్ఫై ఏళ్ళు నీటి ప్రవాహాల శాస్త్రం పాఠం చెప్పినదాన్ని. అయినా పొయ్యి మీద చింతపండు పులుసు ఉడుకుతోంది కదా, "తోక ఊపుకుంటూ వచ్చిందే" అనేసి ఊరుకున్నాను. అది జవాబు కాదని నాకు తెలుసు. ఆ బాకీ ఈవేళ మీ దగ్గర తీర్చుకుంటాను.

వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, పైన చిటికెడు పసుపు చల్లండి. చూపుడు వేలు నిలువుగా ముంచి, ఈ చివరనుంచి ఆ చివరకి మెల్లగా లాగండి. వేలి వెనకాల కుడివైపు ఒక సుడి, ఎడమవైపు ఒక సుడి, మళ్ళీ కుడివైపు ఒకటి, ఇలా మార్చి మార్చి విడివడతాయి. వంతెన స్తంభాల వెనక గోదావరిలో తిరిగేవీ ఇలాంటివే. గాలి వీచినప్పుడు తీగ సన్నగా పాడుతుందే, దానికీ కారణం ఇవే. 1878లో స్ట్రౌహల్ అనే చెక్ శాస్త్రజ్ఞుడు ఆ తీగల పాట మీదే పరిశోధన చేశాడు.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. రెండు వరసల సుడుల మధ్యనున్న నీరు వేలి వెంటే వస్తుంది. అంటే వేలు నీటిని తనతో ఈడ్చుకుపోతోందన్నమాట. మనకి తగిలే అడ్డు అదే. చేప తోక కూడా కుడిఎడమలకి సుడులు వదుల్తుంది గాని, అవి తలకిందులుగా తిరుగుతాయి. వాటి మధ్య నీరు ధారకట్టి వెనక్కి పోతుంది, చేప ముందుకి పోతుంది. తెడ్డు వేసినట్టు తోకతో నీటిని వెనక్కి నెట్టేస్తుందనుకుంటాం కదూ? అసలు పనితనమంతా ఆ సుడుల అమరికలో ఉంది.

దానికో పాళ్ళ లెక్క కూడా ఉంది. తోక సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో, ఎంత వెడల్పు ఊగుతుందో ఆ రెండూ గుణించి, చేప వేగంతో భాగించండి. తాపీగా ఈదే చేపల్లో ఆ అంకె సాధారణంగా 0.2కీ 0.4కీ మధ్య ఉంటుంది. దాన్ని స్ట్రౌహల్ పేరుతోనే పిలుస్తారు. పక్షులూ, గబ్బిలాలూ, పురుగులూ ఎగిరేటప్పుడు రెక్కలాడించేదీ ఇంచుమించు ఆ పాళ్ళలోనేనని 2003లో తేల్చారు. ఇడ్లీకి పప్పూ రవ్వా పాళ్ళు మనకెవరో నేర్పాలి, వాటికి ఎవరూ నేర్పలేదు!

అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మైకేల్ ట్రయాంటఫిల్లూ అనే గ్రీకు ఇంజనీరు, ఆయన శిష్యులూ 1990ల్లో ట్యూనా చేపని చూసి ఒక యంత్రం చేశారు. లోపల ఆరు మోటార్లు, పైన నురుగు రబ్బరు, ఆపైన ఈతదుస్తులకి వాడే లైక్రా బట్ట. ఓడల పంఖా కన్నా తోక ఎంత పొదుపో చూడాలని వారి కోరిక.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది మాత్రం ట్రౌట్ చేప సంగతి. ప్రవాహంలో ఒక స్తంభం నిలబెడితే, దాని వెనక సుడుల్లో ఆ చేప నాట్యం చేసినట్టు అటూ ఇటూ ఒరుగుతూ ఉన్నచోటే నిలుస్తుంది. కండరాలకి పని చాలా తక్కువని 2003లో కొలిచి చూశారు. 2006లో ట్రయాంటఫిల్లూ బృందం ఇంకో వింత బయటపెట్టింది. చచ్చిన ట్రౌట్‌ని దారంతో కట్టి అవే సుడుల్లో వదిలారు. దాని మెత్తని ఒళ్ళు సుడులకి తగ్గట్టు ఊగింది. దారం వదులైంది. ప్రాణంలేని చేప ఏటికెదురు ముందుకి జరిగింది!

అంటే వరద చేపకి శత్రువే కాదు, ఒడుపు తెలిస్తే ఊతం కూడా. కాని అడ్డంగా కట్టిన గోడ దగ్గర ఏ ఒడుపూ పనిచెయ్యదు. ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట పూర్తయింది, ఇప్పటి బ్యారేజీ 1982 నాటిది. పులస దాని కిందిదాకా వచ్చి ఆగుతుంది, వలలు అక్కడే కాసుకుంటాయి. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, అంతకుముందు అలహాబాదుదాకా వెళ్ళే ఇలసలు పైన బాగా తగ్గిపోయాయి. పై దేశాల్లో చేపలకి కట్టే మెట్లు ఎగిరి దూకే సాల్మన్‌కి సరిపోతాయి. ఇలస దూకే చేప కాదు. దానికి దారి కట్టాలంటే అది ఎంత వేగాన్ని తట్టుకుంటుందో, ఎంత సుడిలో నిలుస్తుందో ముందు కొలిచి, ఆ తరవాత సిమెంటు పొయ్యాలి. కాలవలూ తూములూ లెక్కగట్టే మావాళ్ళు చేప తోకని కూడా లెక్కలోకి తీసుకోవలసిన చోటు అది.

ఇంతా చెబితే మా మనవరాలు ఆ పసుపు పళ్ళెం వదిలితే ఒట్టు. మీరు మాత్రం స్టీలు పళ్ళెమే తీసుకోండి. ప్లాస్టిక్ దానికి పసుపు పట్టిందంటే ఎంత తోమినా వదలదు.