దేవుళ్ల విగ్రహాలు చెక్కే పని చేస్తున్నా... బాప్తిస్మం తీసుకోవచ్చా అన్నా?

నంద్యాల నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. ఈ వారం ప్రశ్నలు చాలా వచ్చాయి. దశమభాగం గ్రాస్ మీద ఇవ్వాలా, నెట్ మీద ఇవ్వాలా అని ఒకరు అడిగారు. అది వచ్చేవారం మాట్లాడదాం. ఈ రోజు మాత్రం ఒక్కటే ప్రశ్న. ఎందుకంటే దీనికి జవాబు చెప్పడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

ఆళ్లగడ్డ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. పేరు చెప్పను. తన అనుమతితోనే విషయం చెప్తున్నా. మెసేజ్ సారాంశం ఇదీ: "అన్నా, నాకు 22 ఏళ్లు. పదో తరగతి అయినప్పట్నుంచి శిల్పాల షెడ్డులో పని చేస్తాండా. రెండేళ్లుగా చర్చికి పోతాండా. బాప్తిస్మం తీసుకుంటానని పాస్టరుగారిని అడిగితే, విగ్రహాలు చెక్కే పని మానేసి రమ్మన్నారు. చెల్లి పెళ్లికి మేస్త్రి దగ్గర 60,000 అడ్వాన్సు తీసుకున్నా. ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్ణే. నాకు వేరే పని రాదు. ఏం చేయాలన్నా?"

ఆళ్లగడ్డ గురించి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. నంద్యాల నుంచి సిరివెళ్ల మీదుగా కడప రోడ్డులో పోతే సుమారు 40 కిలోమీటర్లు. ఊళ్లోకి వెళ్తుంటే రోడ్డు పక్కనే శిల్పాలు కనిపిస్తాయి. వినాయకుడు, ఆంజనేయుడు, అమ్మవారు, మధ్యలో అంబేద్కర్, బుద్ధుడు, రాజకీయ నాయకులు. ఆళ్లగడ్డ శిల్పానికి జీఐ ట్యాగ్ కూడా ఉంది. ఇక్కడి విగ్రహాలు వేరే రాష్ట్రాలకు, విదేశాలకు కూడా వెళ్తాయి. దగ్గర్లోనే అహోబిలం. అంటే ఈ ఊళ్లో ఉలి పట్టినవాడికి దేవుడి విగ్రహం చెక్కడమే ప్రధానమైన పని.

"విగ్రహం చేయకూడదని పది ఆజ్ఞల్లోనే ఉంది కదా, ఇందులో ఆలోచించడానికి ఏముంది?" అని మీలో కొందరు ఇప్పటికే కామెంట్ టైప్ చేస్తుంటారు. ఆగండి. నేనూ మొదట అదే టైప్ చేశాను. పంపేముందు నా పాత ఉద్యోగం గుర్తొచ్చి డిలీట్ చేశాను.

నేను బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో చేసిన ఒక ఉద్యోగం, అప్పులిచ్చే యాప్ తయారుచేసే టీమ్‌లో. కంపెనీ పేరు అక్కర్లేదు. నా పని చిన్నది. యాప్ ఇన్‌స్టాల్ చేయగానే ఫోన్‌లోని కాంటాక్ట్స్ చదవడానికి పర్మిషన్ అడిగేది కదా, ఆ భాగం రాయడం. ఆ నంబర్లతో ఏం చేస్తారో నేను అడగలేదు. 'నేను కోడ్ మాత్రమే రాస్తున్నా' అనుకున్నా. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపుల వార్తలు వరసగా వచ్చాయి. అప్పు కట్టనివాళ్ల బంధువులకు, స్నేహితులకు ఫోన్లు చేసి పరువు తీయడం, కొందరు ప్రాణాలు తీసుకోవడం... అది చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. మా కంపెనీ నుంచి అలా ఎవరికైనా ఫోన్లు వెళ్లాయో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. కానీ తెలుసుకోవాలని నేను ప్రయత్నించలేదన్నది మాత్రం నిజం.

సంఘంలో ఒక పెద్దాయన్ని అడిగాను. "మానెయ్ నాయనా, దేవుడు చూసుకుంటాడు" అన్నారు. అని భోజనానికి వెళ్లిపోయారు. ఇంటి లోను, తమ్ముడి ఫీజు, అన్నీ నా మీదే. నేను ఇంకో ఏడు నెలలు అక్కడే చేశాను. చివరికి బయటికి ఎలా వచ్చానో తెలుసా? ప్రేయర్ గ్రూప్‌లో ఒక ఫ్రెండ్ నా రెజ్యూమె తీసుకుని, తన ఆఫీసులో ఇచ్చి, రెండు ఆదివారాలు కూర్చోబెట్టి ఇంటర్వ్యూకి ప్రిపేర్ చేయించాడు. పెద్దాయన చెప్పిందీ సరైన మాటే. కానీ నాకు దారి చూపించింది మాత్రం ఆ ఫ్రెండ్.

ఇది మనసులో పెట్టుకుని ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. ఇందులో మూడు ప్రశ్నలు ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: ఈ పని తప్పా?

మెత్తగా చెప్పి తప్పించుకోను. నిర్గమకాండము 20 ప్రకారం పూజ కోసం విగ్రహం చేయడం క్రైస్తవ విశ్వాసానికి సరిపడదు. అదే నిర్గమకాండములో 31వ అధ్యాయంలో బెసలేలు ఉన్నాడు. రాళ్లు చెక్కడం, చెక్కపని అన్నీ వచ్చినవాడు. ఆ నైపుణ్యం దేవుడిచ్చిందే అని అక్కడ ఉంది. అంటే ఉలి తప్పు కాదు, రాయి తప్పు కాదు. ఆ పని దేనికోసం అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న ఆళ్లగడ్డలో మొదటిసారి పుట్టింది కాదు. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో, ఇప్పటి ట్యునీషియాలో ఉన్న కార్తేజ్ నగరంలో, టెర్టుల్లియన్ అనే క్రైస్తవ రచయిత విగ్రహారాధన మీద ఒక పుస్తకమే రాశాడు. అప్పట్లో కూడా శిల్పులు "నాకు బతకడానికి వేరే దారి లేదు" అనే అన్నారు. ఆయన చాలా కఠినంగా, ఆ పని వద్దే వద్దు అన్నాడు. కానీ అక్కడితో వదల్లేదు. గచ్చుపని వచ్చినవాడు ఇంటికప్పులు బాగు చేయొచ్చు, తొట్లు నునుపు చేయొచ్చు, చెక్కతో దేవత బొమ్మ చేయగలిగినవాడు పెట్టె చేయలేడా అని పనులు ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. 'మానెయ్' అన్నవాడు 'ఇదిగో ఇది చెయ్' అని కూడా అన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

రెండోది: పని మానేదాకా బాప్తిస్మం ఆపాలా?

నిజాయితీగా చెప్పాలంటే పాస్టరుగారి మాటకు పాత ఆధారం ఉంది. 'అపొస్తలుల సంప్రదాయం' అనే ప్రాచీన సంఘ నియమాల పుస్తకం ఒకటుంది. విగ్రహాలు చేసేవాళ్లు ఆ పని మానాలి, లేకపోతే చేర్చుకోవద్దు అని అందులో ఉంది. కానీ అదే చోట పిల్లలకు చదువు చెప్పే గురువు గురించి చూడండి. ఆ రోజుల్లో చదువంటే అన్య దేవతల కథలే. అందుకని మానేస్తే మంచిది అన్నారు. వేరే వృత్తి రానివాడైతే మాత్రం అనుమతించారు. అంటే అంత కఠినమైన నియమాలు రాసినవాళ్లు కూడా 'వీడికి వేరే పని వచ్చా, రాదా' అని ఆలోచించారు.

ఇంకొకటి, 2 రాజులు 5వ అధ్యాయం. కుష్ఠం నయమైన నయమాను, 'ఇకమీదట నేను యెహోవానే ఆరాధిస్తా, కానీ మా రాజు రిమ్మోను గుడికి వెళ్లినప్పుడు నా చేతిమీద ఆనుకుంటాడు, నేనూ వంగాల్సి వస్తుంది, క్షమిస్తాడా' అని అడుగుతాడు. ఎలీషా అతన్ని తిట్టలేదు, సమాధానంగా పంపించాడు. 'పర్లేదు, వంగు' అని కూడా అనలేదు. ఇప్పుడిప్పుడే నమ్మిన మనిషిని, తన కష్టం దాచకుండా చెప్పినవాణ్ణి, గుమ్మం దగ్గరే నిలబెట్టలేదు. అంతే.

కాబట్టి నా అభిప్రాయం: పని మారాలనే మనసు నిజంగా ఉంటే, అడ్వాన్సు తీరేదాకా బాప్తిస్మం ఆపక్కర్లేదు. ఇది నా అభిప్రాయం మాత్రమే. తమ్ముడిని రోజూ చూసేది పాస్టరుగారు. వీడియో చూసి 'ఆ అన్న చెప్పాడు' అని ఆయనతో గొడవ పెట్టుకోవద్దు. కూర్చుని మాట్లాడండి.

మూడోది, అసలైనది: ఎలా మానాలి? ఎవరు మానిపించాలి?

ఇక్కడ మన తెలుగువాళ్ల చరిత్రే ఒకటి చెప్తా. ఒంగోలు ప్రాంతంలో 1866 నుంచి జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ పనిచేశాడు. అక్కడ మాదిగ పల్లెల్లో క్రీస్తును నమ్మినవాళ్లు జాతరల్లో డప్పు కొట్టం అన్నారు. డప్పు వాళ్లకు కళ మాత్రమే కాదు, ఊరితో బతుకు ఒప్పందం. మానేసరికి ఊరి పెద్దల నుంచి వేధింపులు వచ్చాయి. తమ్ముడి ప్రశ్న 150 ఏళ్ల కిందటే మన తాతల తాతలు ఎదుర్కొన్నారు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. అప్పుడు క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చాడు. ఇంకో ముఖ్యమైన సంగతి: తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మనం ప్రసంగాల్లో గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనక పార, తట్ట, రోజు కూలి ఉన్నాయని చెప్పుకోం.

ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఇదే. ఒక మనిషిని 'ఆ పని మానెయ్' అన్నామంటే, తర్వాతి పని వెతికే బాధ్యతలో సగం మనది. చేయలేకపోతే కనీసం గొంతు తగ్గించి మాట్లాడాలి.

పోయిన శనివారం నేను ఆళ్లగడ్డ వెళ్లాను. తమ్ముడిని షెడ్డు దగ్గరే కలిశా. ఒళ్లంతా రాతి దుమ్ము, మూతికి కర్చీఫ్. ముందు ఆ కర్చీఫ్ తీసేసి మంచి మాస్క్ కొనుక్కోమన్నా. రాతి దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది, ఇది వేదాంతం కాదు, ఆరోగ్యం. తను చేసేది గ్రైండర్‌తో రాయి కొట్టడం, పాలిష్ పట్టడం. ముఖం, కళ్లు మేస్త్రే చెక్కుతాడట.

"అయితే నేను చేసేది విగ్రహం కానట్టేనా అన్నా?" అని అడిగాడు. నేను కూడా కాంటాక్ట్స్ పర్మిషన్ మాత్రమే రాశాను తమ్ముడూ అన్నా. నవ్వాడు.

మేస్త్రి గురించి కూడా చెప్పాలి. ఆయన హిందువు, భక్తిపరుడు. తండ్రి లేని పిల్లాడికి పని నేర్పి, చెల్లి పెళ్లికి కాగితం కూడా రాయించుకోకుండా డబ్బిచ్చాడు. రాత్రికి రాత్రి పని ఎగ్గొట్టి 'నేను రక్షణ పొందాను' అంటే, ఆయన దృష్టిలో క్రీస్తు పేరు ఏమవుతుంది? ఎఫెసులో కంసాలి దేమేత్రి గొడవ చేసినప్పుడు ఊరి అధికారి ఏమన్నాడో అపొస్తలుల కార్యములు 19 చివర్లో చూడండి. వీళ్లు మన దేవతను తిట్టలేదు అని సాక్ష్యం చెప్పింది బయటివాడు. పౌలుకు విశ్వాసం గట్టిది, నోరు మాత్రం అదుపులో ఉంది. మన నోరు కూడా అలాగే ఉండాలి.

మేం ముగ్గురం, అంటే తమ్ముడు, నేను, పాస్టరుగారు టీ తాగుతూ తేల్చుకున్నవి ఇవీ.

ఒకటి, మేస్త్రికి విషయం ముందుగా, మర్యాదగా చెప్పాలి. దాచకూడదు.

రెండు, అడ్వాన్సు చివరి రూపాయిదాకా తీర్చాలి. ఎగ్గొట్టిన అప్పు మీద సాక్ష్యం నిలబడదు.

మూడు, షెడ్డులోనే స్తంభాలు, ఏనుగులు, నాయకుల విగ్రహాలు లాంటి పనులు ఎక్కువ అడిగి తీసుకోవాలి. పక్కన సమాధి రాళ్ల మీద అక్షరాలు చెక్కడం నేర్చుకోవాలి. బేతంచెర్ల వైపు బండల పాలిష్ పని కూడా వాకబు చేయాలి.

నాలుగు, దీనికి ఒక గడువు ఉండాలి. గడువు లేకపోతే నాలాగా ఏడు నెలలు, తర్వాత ఏడేళ్లు అయిపోతుంది. తమ్ముడే వచ్చే ఈస్టర్ అన్నాడు.

ఐదు, సంఘం వంతు. ఇది పాస్టరుగారే అన్నారు, నేను అడగలేదు. సంఘంలో ఎవరికి రాతిపని ఉన్నా ముందు ఈ అబ్బాయికి చెప్తామన్నారు. బాప్తిస్మం గురించి ఆయన ఇంకా ప్రార్థనలో ఉన్నారు. దాన్ని నేను గౌరవిస్తాను.

మొన్న తమ్ముడు ఫొటో పంపాడు. నల్లరాయి మీద ఒక పెద్దమ్మ పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ. మొదటి ఆర్డరు. ఒక అక్షరానికి వత్తు కొంచెం పక్కకు పోయింది. ఇంటివాళ్లు చూసి ఏమీ అనలేదట. మేస్త్రే ఉలి ఎలా పట్టాలో చూపించాడట. అడ్వాన్సులో ఇంకా 52,000 ఉంది.

సినిమాల్లోలాగా అంతా సెట్ అయిపోయింది అని చెప్పను. ఈస్టర్‌కి ఏమవుతుందో నాకూ తెలీదు. మీరు ఒక పని చేయండి. ఆళ్లగడ్డ తమ్ముడిని జడ్జ్ చేసేముందు, మీ జీతం ఎక్కడి నుంచి వస్తోందో, మీ పని చివరికి ఎవరి ఇంటికి చేరుతోందో ఈ రాత్రి ఐదు నిమిషాలు ఆలోచించండి. నేను ఆ ఐదు నిమిషాలు ఆలోచించడానికి చాలా ఆలస్యం చేశాను. అలాగే మీ సంఘంలో ఇలాంటి ఇబ్బందిలో ఎవరైనా ఉంటే, వచనం పంపండి, దాంతోపాటు ఒక ఫోన్ నంబరు కూడా పంపండి. పని ఇప్పించగలిగే మనిషిది.

వచ్చేవారం దశమభాగం. గ్రాసా, నెట్టా? మీ పేస్లిప్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. అప్పటిదాకా ప్రభువు మీకు తోడై ఉండును గాక.